సీజన్ నెత్తి మీదికొచ్చింది, ఇంట్లో ఆపరేషన్ ఉంది: సర్వీస్ షాపులు నడిపేవాళ్లు ఎలా సర్దుకుంటున్నారు?

నయీంనగర్ కూలింగ్
ఫిబ్రవరి 3, రాత్రి 10:50

అందరికీ నమస్తే. హనుమకొండ నయీంనగర్‌లో ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ సర్వీస్ షాపు నడుపుతున్నాను. నాతో పాటు ఇద్దరు కుర్రాళ్లు పని చేస్తారు. ఈ పని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, శివరాత్రి దాటగానే ఫోన్లు మొదలవుతాయి, ఉగాది నుంచి రోహిణి కార్తె పోయేదాకా తినడానికి కూడా టైం దొరకదు. ఇంటి కిరాయి, షాపు కిరాయి, పిల్లల ఫీజులు అన్నీ ఆ ఎండాకాలం సంపాదన మీదే నడుస్తాయి. వానలు పడ్డాక వాషింగ్ మెషీన్లు, చలికాలంలో గీజర్లు, వాటితో నెట్టుకొస్తాం.

ఇప్పుడు సమస్య ఏంటంటే, మా అమ్మకు మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ముందు కుడి మోకాలు మార్చాలని డాక్టర్ చెప్పారు. మా పెద్దపాప పదో తరగతి, మార్చిలో పరీక్షలు మొదలవుతాయి. అందుకని పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో ఆపరేషన్ పెట్టుకుందామని ఇంట్లో అనుకున్నారు. ఏప్రిల్ అంటే నేను ఉదయం ఏడింటికి బయటపడి రాత్రి పదకొండుకు ఇల్లు చేరే రోజులు. నేను నిచ్చెన మీద ఉన్నప్పుడు షాపు ఫోన్లు ఎత్తేది మా ఆవిడే. ఆస్పత్రి, ఇల్లు, ఫోన్లు అన్నీ ఆమె మీద వేయలేను. జూన్‌కు వాయిదా వేద్దామా అంటే అమ్మకు రాత్రిళ్లు నొప్పితో నిద్ర ఉండటం లేదు.

ఆపరేషన్ డబ్బులు ఎలాగో సర్దుతాను. నాకు అర్థం కానిది టైం సంగతి. మీ ఇళ్లలో సీజన్ మధ్యలో ఇలాంటిది వస్తే ఏం చేశారు?

పరకాల వైండింగ్
ఫిబ్రవరి 3, రాత్రి 11:25

తమ్మీ, నాది మోటార్ వైండింగ్ షాపు. మాకు వానాకాలం నాట్లు ఒక సీజన్, యాసంగి నాట్లు ఇంకో సీజన్. నాట్లప్పుడు మోటార్ కాలితే రైతు ఒక్క రోజు ఆగలేడు, మడి ఎండిపోతుంది. బండి మీద మోటార్ వేసుకుని తెల్లారకముందే ఇంటి ముందుకు వస్తారు. వాళ్లను కాదంటే ఇంకో షాపుకు పోతారు, మళ్లీ మన గడప తొక్కరు. మా చెల్లె పెళ్లి కూడా నాట్లు అయినంక పెట్టుకున్నాం.

నా మాటైతే జూన్‌కు పెట్టుకో. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడితే నీ ఫోన్ దానంతట అదే ఆగుతుంది. అప్పుడు అమ్మ దగ్గరే కూర్చోవచ్చు. సీజన్ పోతే ఏడాదంతా అప్పు. అప్పుతో ఇంట్లో శాంతి ఉంటదా?

మగ్గం పని హనుమకొండ
ఫిబ్రవరి 4, ఉదయం 6:40

పరకాల అన్నా, మోటార్ కాలితే రైతు ఒక్క రోజు ఆగలేడని మీరే అన్నారు. నొప్పితో ఉన్న పెద్దావిడ నాలుగు నెలలు ఎట్లా ఆగుతుంది?

నాది మగ్గం వర్క్, బ్లౌజుల స్టిచింగ్. మాఘం, శ్రావణం పెళ్లిళ్లు, దసరా ముందు బతుకమ్మ, అప్పుడు మాకూ ఇదే పరిస్థితి. నేను చేసేది ఒకటే. పెద్ద పుస్తకంలో ఒక్కో ముహూర్తానికి ఒక పేజీ పెట్టుకుంటాను. మా వర్కర్లు ఎన్ని పీసులు చేయగలరో లెక్క వేసుకుని, ఆ పేజీ నిండితే ఆర్డర్ తీసుకోను. "ఈ తేదీ నిండింది, తర్వాతి వారం అయితే చేస్తాను" అని ముందే చెప్తాను. అలా చెప్పిన రోజు కస్టమర్‌కు కోపం వస్తుంది. కానీ ఒప్పుకుని, ముహూర్తం రోజు పొద్దున బ్లౌజు ఇవ్వకపోతే వచ్చే కోపం ముందు అదెంత?

ఇంటి పనులు కూడా అదే పుస్తకంలో రాస్తాను. బాబు స్కూల్ మీటింగ్, అత్తయ్య కంటి చెకప్, అన్నీ. అవి రాశాక ఆ గంటల మీద ఇంకెవరి పేరూ రాదు. మీరు కూడా అమ్మ ఆపరేషన్‌ను ముందు రాయండి. మిగిలిన పేజీలు దాని చుట్టూ నింపుకోవచ్చు.

కాజీపేట ఏసీ
ఫిబ్రవరి 4, ఉదయం 8:15

అన్నా, ఇద్దరిదీ ఒకటే లైన్ కాబట్టి సూటిగా చెప్తాను. ఏప్రిల్ రద్దీలో సగం పైగా మామూలు వాటర్ సర్వీసులే. ఫిల్టర్‌లో దుమ్ము, కాయిల్‌లో మురికి, డ్రైన్ పైపు జామ్. ఎండలు ముదిరాక ఆన్ చేసి "కూలింగ్ రావట్లేదు" అని అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. అవే పనులు ఇప్పుడు, ఫిబ్రవరిలో చేయొచ్చు కదా. మీ దగ్గర పోయిన ఏడాది బిల్లు పుస్తకాలు ఉంటాయి. పాత కస్టమర్లకు మనమే ఫోన్ చేసి, "ఈ నెలలో అయితే ఇంత, ఏప్రిల్‌లో అయితే ఇంత" అని రెండు రేట్లు చెప్పాలి. నేను సుబేదారి, నక్కలగుట్ట అపార్ట్‌మెంట్లు ఇలాగే చేస్తున్నాను. ఒకే బిల్డింగ్‌లో నాలుగైదు ఇళ్లు ఒకే రోజు కుదిరితే తిరిగే టైం మిగులుతుంది, పెట్రోల్ కూడా.

ఇంకో మాట. రాత్రి తొమ్మిది తర్వాత అవుట్‌డోర్ యూనిట్ పని ఒప్పుకోవద్దు, ఎవరు ఎంత బతిమాలినా సరే. రోజంతా ఎండలో పని చేసిన మనిషి మూడో అంతస్తు సజ్జ మీద, చీకట్లో, సెల్ లైట్ నోట్లో పట్టుకుని పని చేస్తున్నాడంటే అది ధైర్యం కాదు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది. కొత్త ఏసీల్లో ఎక్కువగా వచ్చే ఆర్32 గ్యాస్ పాత ఆర్22 లాంటిది కాదు, మంట అంటుకునే గుణం కొంత ఉంది. అలసిపోయిన మనిషి లీకేజీ సరిగా చూడడు, పైపుల్లో గాలి పూర్తిగా లాగేయడు (వాక్యూమ్), తొందరలో బ్రేజింగ్, అంటే మంటతో పైపులు అతికించడం, మొదలుపెడతాడు. ఇల్లు చూసుకునే మనిషే పడిపోతే ఇక సీజన్ ఎవరికి?

నయీంనగర్ కూలింగ్
ఫిబ్రవరి 4, రాత్రి 10:30

కాజీపేట తమ్ముడూ, ఫిబ్రవరి రేటు సంగతి బాగుంది. ఇవాళే బిల్లు పుస్తకాలు బయటికి తీశాను.

మగ్గం పని అక్కా, మీ పుస్తకం పద్ధతి నాకు నచ్చింది. కానీ మీకు ముహూర్తం తేదీ ముందే తెలుస్తుంది. నాకు ఫ్రిజ్ ఎప్పుడు పాడవుతుందో ఎవరూ ముందు చెప్పరు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. అన్నం తింటుంటే మోగుతుంది, పాపకు లెక్కలు చెప్తుంటే మోగుతుంది. ఎత్తకపోతే పని పోతుందని భయం, ఎత్తితే ఇంట్లో మొహాలు మారతాయి. దీన్ని ఎలా అదుపులో పెడుతున్నారు?

జమ్మికుంట అక్క
ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, నువ్వు అడిగిన ఫోన్‌ను మా ఇంట్లో ఎత్తేది నేనే. మా ఆయనది మిక్సీలు, కూలర్లు, ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే షాపు. కాబట్టి నీ భార్య తరఫున మాట్లాడుతున్నా అనుకో.

మొదట్లో షాపు ఫోన్, ఇంటి ఫోన్ ఒకటే ఉండేది. కూర పొయ్యి మీద ఉండగా ఫోన్, పిల్లకు స్నానం చేయిస్తుండగా ఫోన్. అవతలి మనిషి అడిగేది ఒకటే మాట: "మీ ఆయన ఎప్పుడొస్తాడు?" ఆయన ఎప్పుడొస్తాడో నాకే తెలియదు. ఆయన చెప్పిన టైంకు వెళ్లకపోతే తిట్లు తినేది నేను. ఈ పనికి జీతం లేదు, సెలవు లేదు, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది" అనే పేరు మాత్రం ఉంది. మా పెద్దమ్మాయి ఒకరోజు "అమ్మా, నువ్వు కూడా షాపులో పని చేస్తున్నావు కదా, మరి నాన్న నీకెందుకు డబ్బులు ఇవ్వడు" అని అడిగింది. అక్కడి నుంచి మేం పద్ధతి మార్చాం.

ఇప్పుడు షాపుకు వేరే నంబరు, వేరే చిన్న ఫోన్. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగు నుంచి ఏడు దాకా నేను ఎత్తుతాను. మిగతా టైంలో ఆ ఫోన్ షాపు గల్లాపెట్టె దగ్గరే ఉంటుంది. వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టి, వేళ దాటాక మెసేజ్ వస్తే దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టాం: "సమస్య ఏంటో రాసి, వస్తువు ఫోటో, మీ ఇంటి లొకేషన్ పంపండి, ఉదయం తొమ్మిదికి ఫోన్ చేస్తాం" అని. రాత్రి పంపినవాళ్లకు ఉదయం తొమ్మిదికి తప్పకుండా ఫోన్ వెళ్తుంది. ఒక్కరోజు తప్పినా నమ్మకం పోతుంది.

అన్నిటికంటే పనికొచ్చింది ప్రశ్నల కాగితం. ఆయన దగ్గర కూర్చుని రాయించుకుని ఫోన్ పక్కన అంటించాను. ఏసీకి కూడా మీ ఆవిడకు ఇలాంటిది రాసివ్వు. ఎంసీబీ (మీటర్ బోర్డులో దానంతట అదే పడిపోయే స్విచ్) పడిపోయిందా? రిమోట్ బ్యాటరీలు మార్చి చూశారా? ఫిల్టర్ ఎప్పుడు కడిగారు? స్టెబిలైజర్ మీద నంబరు ఎంత చూపిస్తోంది? పక్కింటివాళ్లకు కూడా లో వోల్టేజ్ ఉందా? వీధంతా అదే ఉంటే మెకానిక్ వచ్చి చేసేదేమీ లేదు, 1912కు ఫోన్ చేసి కరెంటు వాళ్లకు చెప్పమంటాను. ఇట్లా అడిగితే కొన్ని పనులు ఫోన్‌లోనే అయిపోతాయి. దానికి డబ్బులు తీసుకోం. వాళ్లే రేపు కొత్త కూలర్ మోటార్ కోసం మన దగ్గరికే వస్తారు.

నెలకు ఇంత అని నా బ్యాంకు ఖాతాలో వేస్తాడు. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ డబ్బు వచ్చిన రోజు నుంచి ఏడు దాటాక ఫోన్ ఎత్తనని చెప్పడానికి నాకు నోరొచ్చింది. మీ ఆవిడకు ఇస్తున్నావా తమ్ముడూ? ఇవ్వకపోతే ఈ సీజన్ నుంచి మొదలుపెట్టు. ఆపరేషన్ టైంలో ఆమె ఆస్పత్రిలో ఉంటే ఆ జీతమే ఇచ్చి ఇంకొకరిని ఫోన్ దగ్గర కూర్చోబెట్టొచ్చు.

పరకాల వైండింగ్
ఫిబ్రవరి 5, సాయంత్రం 5:30

వేళలు పెట్టడం టౌన్‌లో నడుస్తుందేమో అక్కా. మా దగ్గరికి వచ్చేది పక్క ఊరి రైతు. ఆయన వాట్సాప్ చూడడు, ముఖం చూస్తాడు. రాత్రి పదింటికి వచ్చినా మోటార్ దింపించుకోవాల్సిందే.

జమ్మికుంట అక్క
ఫిబ్రవరి 5, సాయంత్రం 6:10

దింపించుకో అన్నా, ఎవరు వద్దన్నారు. దింపించుకున్న మోటార్‌కు రాత్రికి రాత్రే చుట్టాలా? ఎట్లాగూ వార్నిష్ ఆరాలి కదా. ఎప్పుడిస్తావో ఖచ్చితంగా చెప్పు, ఆ టైంకు ఇవ్వు. రైతుకు కావాల్సింది అదే.

పరకాల వైండింగ్
ఫిబ్రవరి 5, సాయంత్రం 6:45

ఆ మాట నిజమే.

ములుగు రోడ్ మెడికల్స్
ఫిబ్రవరి 5, రాత్రి 9:20

కస్టమర్ వైపు నుంచి ఒక మాట. నాది మందుల షాపు. మా ఫ్రిజ్‌లో ఇన్సులిన్, కొన్ని ఇంజెక్షన్లు ఉంటాయి. సీల్ తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోతే మాకు తెల్లారేదాకా ఆగడం కుదరదు. అలాంటప్పుడు మెకానిక్ ఎంత ఎక్కువ అడిగినా ఇస్తాం, కానీ ఫోన్ ఎత్తాలి.

అందుకని అన్ని ఫోన్లూ ఒకే రకం అనుకోవద్దు. మందుల షాపులు, క్లినిక్‌లు, పాల బూత్, ఐస్‌క్రీమ్ పార్లర్, ఇంట్లో మంచాన ఉన్న రోగి, వీళ్ల నంబర్లు వేరుగా సేవ్ చేసుకోండి. వాళ్లకు మాత్రం ఎప్పుడైనా తగిలే నంబరు ఒకటి ఇవ్వండి, దానికి ఏడాదికి ఇంతని ఏఎంసీ, అంటే ఏడాది సర్వీస్ ఒప్పందం, రాయించుకోండి. నేనైతే సంతోషంగా రాస్తాను. హాల్లో రెండో ఏసీ పని చేయట్లేదని రాత్రి పదకొండుకు ఫోన్ చేసేవాళ్లకు ఉదయం చేయొచ్చు.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు కూడా చెప్తున్నా: ఫ్రిజ్ ఆగిందని కంగారుపడి ఇన్సులిన్‌ను ఐసు మీద నేరుగా పెట్టొద్దు. గడ్డకడితే అది పనికిరాదు.

ఫిజియో వరంగల్
ఫిబ్రవరి 6, ఉదయం 7:00

మోకీళ్ల మార్పిడి అయినవాళ్ల ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయిస్తుంటాను. అసలు ప్రశ్నకు వస్తాను. ఏప్రిల్ లేదా జూన్ అని రెండే దారులు అనుకుంటున్నారు. ఇప్పుడే ఎందుకు చేయించకూడదో మీ డాక్టర్‌ను అడిగారా?

సాధారణంగా ఆపరేషన్ అయిన మరుసటి రోజుకే వాకర్ పట్టుకుని నిలబెట్టి నడిపిస్తారు. కుట్లు రెండు వారాలకు అటూ ఇటూగా తీస్తారు. పక్కన మనిషి ఎక్కువగా కావాల్సింది ఆ మొదటి రెండు, మూడు వారాలే: బాత్రూంకు తీసుకెళ్లడం, ఐస్ ప్యాక్ పెట్టడం, టైంకు మందులు, రోజూ వ్యాయామాలు. మొదటి ఆరు వారాల్లో మోకాలు ఎంత వంగితే తర్వాత అంత సుఖం. ఆ టైంలో ఇంట్లో ఎవరూ పట్టించుకోక, నొప్పి అని పడుకోబెడితే మోకాలు బిగుసుకుపోతుంది. ఎండాకాలం రద్దీలో చేయిస్తే జరిగేది అదే అని నా భయం. ఈ నెలలో చేయించగలిగితే పాప పరీక్షలు మొదలయ్యే నాటికి అమ్మ కర్ర సాయంతో ఇంట్లో తిరిగే అవకాశం ఉంది. అందరూ ఒకేలా కోలుకోరు, కాబట్టి డాక్టర్ మాటే ఫైనల్.

ఆపరేషన్ ముందు షుగర్ అదుపులో ఉండాలి, పంటి ఇన్ఫెక్షన్, పుండ్లు ఏవీ ఉండకూడదు. తేదీ వీటి మీద ఆధారపడుతుంది కాబట్టి పరీక్షలు ఈ వారమే చేయించండి. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే ఇప్పుడే పెట్టించండి, పక్కన గోడకు పట్టుకునే రాడ్ కూడా. ఇంటికొచ్చాక పిక్కలో వాపు, నొప్పి కనిపించినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇంకొకటి. ఇంతమంది ఇన్ని చెప్పాం, అమ్మగారు ఏమంటున్నారో మీరు రాయలేదు.

లెక్కల పుస్తకం, కరీంనగర్
ఫిబ్రవరి 6, రాత్రి 8:50

చిన్న షాపుల అకౌంట్లు చూస్తుంటాను. టైం సంగతి అన్నారు గానీ, దాని వెనక డబ్బు భయం ఉంది. "సీజన్ పోతే ఏడాదంతా అప్పు" అని పరకాల అన్న అన్నది చాలా ఇళ్లలో వినేదే. షాపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే జేబులో ఉన్నంతకాలం ఆ భయం పోదు. మే నెలలో చేతి నిండా డబ్బు కనిపిస్తుంది, ఫంక్షన్లకు, బండికి ఖర్చవుతుంది, ఆగస్టులో కిరాయికి వెతుక్కుంటారు. మళ్లీ సీజన్ వస్తే ఒక్క ఫోన్ కూడా వదలబుద్ధి కాదు.

షాపుకు బ్యాంకులో కరెంట్ ఖాతా వేరుగా తెరవండి, ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ కోడ్ దానికే పెట్టండి. పోయిన ఏడాది మొత్తంలో ఖర్చులు పోను మిగిలింది ఎంతో చూసి, 12తో భాగించి, దానికంటే కొంచెం తక్కువ మొత్తాన్ని ప్రతి నెలా జీతంగా ఇంటి ఖాతాకు పంపుకోండి. మేలో అంతే, ఆగస్టులో అంతే. ఏప్రిల్‌లో కొన్ని పనులు వదిలేస్తే ఎంత పోతుందో అప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. మనసులో ఊహించుకున్నంత పెద్దగా అది ఉండదు, నేను చూసిన షాపుల్లో దాదాపు ఎప్పుడూ అంతే.

కుర్రాళ్లు ఎత్తుల మీద పని చేస్తారు కాబట్టి ఇది తప్పక చేయండి: బ్యాంకు ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 50 ఏళ్ల లోపు వాళ్లు జీవన్ జ్యోతి బీమాలో చేరొచ్చు, ఏడాదికి 436 రూపాయలు, దానికీ 2 లక్షలే. మీరూ మీ భార్యా కూడా చేరండి. వారానికి ఒక రోజు సెలవు సంగతి కూడా చెప్పాలి. 1988 నాటి షాపుల చట్టం ప్రకారం పనివాళ్లకు వారానికో సెలవు ఇవ్వాల్సిందే, సీజన్ అయినా సరే. మీకు కూడా ఒక రోజు రాసుకోండి.

జీఎస్టీ గురించి కొందరు అనవసరంగా టెన్షన్ పడతారు. స్పేర్ పార్టులతో కలిపి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనంతవరకు మీలాంటి సర్వీస్ షాపుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నయీంనగర్ కూలింగ్
ఫిబ్రవరి 9, రాత్రి 9:15

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులుగా రాయలేకపోయాను.

ఫిజియో గారు అడిగాక అమ్మ పక్కన కూర్చుని అడిగాను. అమ్మ అన్నది ఇది: "నాకు ఇప్పుడే చేయించు బిడ్డా. పాప పరీక్షలకు పొద్దున్నే లేచి చదువుతది, దానికి చాయ్ పెట్టేటందుకన్నా నేను లేచి నిలబడాలె." పాపకు ఇబ్బంది కలుగుతుందని మేం ఏప్రిల్ అనుకున్నాం. పాపను అడిగితే, నాయనమ్మ రాత్రి మూలుగుతుంటేనే చదువు సాగట్లేదని చెప్పింది.

శనివారం రక్తపరీక్షలు చేయించాం. షుగర్ పరవాలేదన్నారు. డాక్టర్ ఈ నెల మూడో వారంలో తేదీ ఇచ్చారు. మంచిర్యాల నుంచి మా అక్క వచ్చి రెండు వారాలు ఉంటానంది. ఆ రోజుల్లో ఉదయం పూట నేను ఇంట్లోనే ఉంటాను, వ్యాయామాలు నా చేతుల మీదే చేయిస్తాను. పని మధ్యాహ్నం రెండు తర్వాతే. పాత కస్టమర్లకు ఫోన్లు మొదలుపెట్టాను, ఫిబ్రవరి రేటు అనగానే చాలామంది సరే అంటున్నారు.

జమ్మికుంట అక్కా, షాపుకు కొత్త సిమ్ తీసుకున్నాను. ప్రశ్నల కాగితం నేనూ మా ఆవిడా కలిసి రాశాం. జీతం సంగతి చెప్తే ముందు నవ్వింది, తర్వాత "ఎంత?" అని అడిగింది. మాట్లాడుకుంటున్నాం.

ఒక్కటే మిగిలింది. ఆ రెండు వారాలు ఉదయం పూట ఏదైనా అర్జెంట్ వస్తే నా కుర్రాళ్లు సర్వీస్ వరకు చేస్తారు, గ్యాస్, పీసీబీ (ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు) పని వాళ్లకు ఇంకా రాదు.

కాజీపేట ఏసీ
ఫిబ్రవరి 9, రాత్రి 9:40

ఆ ఉదయాలు నాకు పంపన్నా. మీ కస్టమర్ మీ కస్టమరే, బిల్లు మీ పేరు మీదే ఇస్తాను, నా లేబర్ చార్జీ నాకు ఇస్తే చాలు. మేలో మా మరదలి పెళ్లి ఉంది, అప్పుడు మీరు నావి చూడండి. మీ కుర్రాళ్లలో ఒకరిని నాతో పంపితే గ్యాస్ పని కూడా నేర్పిస్తాను.

ములుగు రోడ్ మెడికల్స్
ఫిబ్రవరి 9, రాత్రి 10:05

ఏఎంసీ రాసే పని ఉంటే ముందు నా ఫ్రిజ్‌తో మొదలుపెట్టండి. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా రావచ్చు.

నయీంనగర్ కూలింగ్
ఫిబ్రవరి 9, రాత్రి 10:20

తమ్ముడూ, రేపు పదకొండుకు కాజీపేట వస్తాను, రేట్లు మాట్లాడుకుందాం. మెడికల్స్ అన్నా, గురువారం ఆరున్నరకు మీ దగ్గర ఉంటాను.